ఉపాధ్యాయుడా, ఉపాద్యాయుడా, ఉపాద్ధ్యాయుడా?

ప్రశ్న: సభల్లో, వార్తల్లో ‘ఉపాద్యాయుడు’ అని ఒత్తు లేకుండా పలికేవారే ఎక్కువ. పద్ధతిగా పలకాలనుకునేవారేమో ‘ఉపాద్ధ్యాయుడు’ అని దకారాన్ని నొక్కుతున్నారు. ఏది సరి?

జవాబు: మాట పుట్టుక ఉప + అధి + ఇ ధాతువు. ‘అధి’లో ఇకారం, తర్వాత వేరే అచ్చు రావడంతో, యణాదేశం వల్ల య అయింది. కాబట్టి ఒత్తు ధ, దాని కింద యవత్తు, ఆపై దీర్ఘం, మూడూ ఉండాలి. రాతలో ‘ద్యా’ కచ్చితంగా తప్పు. ‘ధ్య’ అని కురచ చేయడం ఇంకా పెద్ద తప్పు. ‘అధ్యయనం’ ప్రభావంతో అలా రాసేస్తున్నారు.

ఇక నొక్కడం సంగతి. సంస్కృత వ్యాకరణకర్త పాణిని సూత్రం ‘అనచి చ’ (అష్టాధ్యాయి 8.4.47) ప్రకారం అచ్చు తర్వాతి హల్లుకు వెంటనే అచ్చు లేకపోతే ద్విత్వం, అంటే ఆ హల్లు రెండుసార్లు పలకడం, రావచ్చు. అందుకే ‘అద్ధ్యాపకుడు’ అన్న పలుకుబడికి ఆధారం ఉంది. కానీ ‘దీర్ఘాదాచార్యాణామ్’ (8.4.52) అని మరో సూత్రం: దీర్ఘం తర్వాత ద్విత్వం ఆచార్యుల మతంలో లేదు. ‘ఉపాధ్యాయ’లో ముందున్నది ‘పా’. కాబట్టి ఇక్కడ నొక్కకపోవడమే మేలు. ఛందస్సుకూ తేడా రాదు. ‘పా’ దీర్ఘం కాబట్టి ఎలాగూ గురువే (ఛందస్సులో బరువైన అక్షరం). ‘అధ్యాపకుడు’లో మాత్రం ‘అ’ సంయుక్తం వల్లే గురువవుతోంది, అక్కడ తేలిగ్గా పలికేస్తే పద్యం నడక చెడుతుంది.

మరో జవాబు: పలకడం దగ్గర జరిగే పొరపాటు ఒకటి చెప్పాలి. ఒత్తు వినిపించాలన్న తాపత్రయంతో ధ దగ్గర ఊపిరి వదిలి ఆగుతారు. ఆ సందులో ఇకారం దూరి ‘ఉపాధియాయుడు’ అవుతుంది. నాలుక కొనను పైపళ్లకు ఆనించి, తీసేటప్పుడే నాలుక మధ్యభాగాన్ని య కోసం పైకి లేపాలి. ఊపిరి ‘యా’తో కలిసి పోవాలి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుంటే ‘ద్యా’కూ ‘ధ్యా’కూ తేడా తగులుతుంది.

ఇంకొకరు: తెలుగు నోటికి మహాప్రాణం (ధ లాంటి ఒత్తక్షరం) బరువే. ‘ఉపాధ్యాయ’ ప్రాకృతంలో ‘ఉవజ్ఝాయ’ అయి, మనకు ‘ఒజ్జ’గా వచ్చింది, ‘సంధ్య’ ‘సంజ’ అయినట్టే. తద్భవంలో ఒత్తు పోవడం సహజం, తత్సమాన్ని తత్సమంగా వాడేటప్పుడు తీసేయకూడదు. మామూలు మాటల్లో ఒత్తు కాస్త తేలితే పట్టుపట్టను గానీ ‘ప్రధానోపాధ్యాయుడు’ దగ్గర ఊరుకోలేను. ‘ప్రదాన’ అంటే ఇవ్వడం, పురస్కార ప్రదానంలో ఉన్నది అదే. పాఠశాల బోర్డు మీద ‘ప్రదానోపాధ్యాయుడు’ అని ఉంటే ‘ముఖ్యుడు’ అన్న అర్థమే పోతుంది.

మొదటి జవాబు రాసినవారు: ఔను. ‘ప్రధానుపాధ్యాయుడు’ కూడా కుదరదు. అ + ఉ కలిసి గుణసంధిలో ఓ అవుతుంది, సంస్కృత సమాసంలో ఆ సంధి నిత్యం.