అడుగు దాటిన టైగర్ ఆస్కార్ చేపకి మంచి చోటు కావాలి. చెరువులో వదలమంటున్నారు, నాకు మనసొప్పడం లేదు

జెరాక్స్ షాపు, పర్లాకిమిడి

అందరికీ నమస్కారం. మాది పర్లాకిమిడి. బస్టాండ్ దగ్గర చిన్న జెరాక్స్, డీటీపీ షాపు నడుపుతున్నాను. మా మేడ మీద అద్దెకున్న కుటుంబం ట్రాన్స్‌ఫర్ మీద వెళ్తూ వాళ్ల అక్వేరియం ఇక్కడే వదిలేశారు. మనిషిని పంపించి తీసుకెళ్తామన్నారు. ఎవరూ రాలేదు. ఇప్పుడు ఫోన్ కూడా ఎత్తడం లేదు. రెండడుగుల తొట్టె, అందులో రెండు చేపలు: ఒక టైగర్ ఆస్కార్, అద్దానికి నోటితో అతుక్కునే నల్ల సక్కర్ ఒకటి.

మేడ మీద చూసేవాళ్లు లేరని తొట్టెని కిందికి దింపించి షాపులో పెట్టాను. ఆస్కార్‌ని అద్దం బయట స్కేలు పెట్టి కొలిస్తే అడుగు కంటే కాస్త ఎక్కువే ఉంది. తొట్టె వెడల్పు అడుగే. వెనక్కి తిరగాలంటే తోక మడుచుకోవాలి, మూతి అద్దానికి రాసుకోవాలి. రాసుకుని రాసుకుని పై పెదవి దగ్గర తోలు లేచి తెల్లగా కనిపిస్తోంది. సక్కర్ మూలలోంచి కదిలితే చాలు, మీద పడి తరుముతుంది. సక్కర్ తోక అంచంతా పీలికలైపోయింది. సాయంత్రం షట్టర్ దించేటప్పుడు కూడా లోపల దబదబమని చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది.

అలాగని అది చెడ్డ చేప అంటే ఒప్పుకోను. నేను ప్రింటర్ దగ్గరికి నడిస్తే అద్దం వెంబడి నాతో పాటే వస్తుంది. కస్టమర్లు నడిస్తే రాదు. మేత డబ్బా నా చేతిలో కనబడిందా, మూతి నీళ్లపైకి పెట్టి ఎదురుచూస్తుంది. ఇంత గుర్తుపట్టే జీవాన్ని ఎక్కడో ఒకచోట పారేసి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు.

ఇక్కడ చేపలమ్మే షాపులో అడిగితే పెద్దవి ఎవరూ కొనరు, వద్దన్నారు. పక్కింటి మౌసీ అయితే కార్తీకం వస్తోంది కదా, పంచుక రోజుల్లో, అంటే కార్తీకం చివరి ఐదు రోజుల్లో, మేం చేప ముట్టం, అప్పుడు మన ఊరి సీతాసాగర్ చెరువులో వదిలితే ప్రాణం పోసిన పుణ్యం వస్తుందంటోంది. మా ఆయన మహేంద్రతనయ నదిలో వదులుదాం, పారే నీళ్లు కదా అంటున్నారు. ఇద్దరూ మంచి మనసుతోనే చెప్తున్నారు. కానీ డబ్బాలో మేత తిని పెరిగిన చేపకి అక్కడ తిండెలా దొరుకుతుంది? అక్కడున్న చేపల సంగతేంటి?

ఎవరిని అడగాలి, ఎలా పంపాలి, అంతవరకూ రెండూ కొట్టుకోకుండా ఏం చెయ్యాలి? ఎవరూ దొరక్కపోతే ఏం చెయ్యాలన్నది ఇంకో టెన్షన్. తెలిసినవాళ్లు చెప్పండి.

వంశధార ఒడ్డు

అక్కా, చెరువులో వద్దు, నదిలో అసలే వద్దు. మాది చేపలు పట్టుకునే ఇల్లు. సక్కర్ వలలో పడితే మాకు ఆ రోజు కూలి పోయినట్టే. దాని రెక్కల ముందు ముల్లు, వీపు మీద ముల్లు నిక్కబొడుచుకుని వల కళ్లల్లో ఇరుక్కుంటాయి. లాగితే రాదు. చివరికి వలే కొయ్యాలి. తోలు రంపంలా ఉంటుంది, చేతులు గీసుకుపోతాయి. ఒడ్డున పడేస్తే వెంటనే చస్తుందనుకుంటారు, గంటల తరబడి బతికే ఉంటుంది. తినేవాళ్లు లేరు, కొనేవాళ్లు లేరు. గట్టులో బొరియలు తవ్వి గుడ్లు పెడుతుంది, గట్టు వదులైపోతుంది.

మహేంద్రతనయ మీ ఊరి దగ్గర ఎండాకాలం సన్నగా కనిపిస్తుంది గానీ, అది మా వైపు వచ్చి వంశధారలో కలుస్తుంది. గొట్టా బ్యారేజి, దాని కాలవలు, ఆ కాలవల కింద చెరువులు, అన్నీ ఆ నీళ్లే. పర్లాకిమిడిలో వదిలింది పర్లాకిమిడిలోనే ఉండదు.

కొరాపుట్ కుర్రాడు

నాకో సందేహం. ఒక్క చేపతో అంత ప్రమాదమా? జత లేకుండా పిల్లలెలా పెడుతుంది? పైగా ఏ కొర్రమీనో, కొంగో పట్టుకుపోతుంది. చిన్న తొట్టెలో నరకం కంటే చెరువులో కొన్నాళ్లు స్వేచ్ఛగా బతకడం నయం కదా?

బరంపురం బాబాయ్

ముందు ఈ అబ్బాయి ప్రశ్నకి చెప్తాను, చాలామంది మనసులో ఉండే మాట ఇదే. ఒక్కటే కదా అని ఒక్కరే అనుకోరు, బాబూ. ఒక షాపులో ఒకే విడతలో వచ్చిన పిల్లలన్నీ ఏడాది తిరిగేసరికి తొట్టె పట్టనంత అవుతాయి. అప్పుడు అందరికీ ఆ చెరువే కనిపిస్తుంది. ఆస్కార్ ఆడదో మగదో పైకి చూసి చెప్పలేం. జత కుదిరితే ఒక్క విడతలో 1,000 నుంచి 3,000 గుడ్లు పెట్టి రెండూ కాపలా కాస్తాయి. పుట్టుక అమెజాన్ నదిలో. అమెరికాలో ఫ్లోరిడా కాలవల్లోకి 1950లలో చేరిన ఆస్కార్లు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. వాటికి అడ్డు చలి ఒక్కటే, నీళ్లు 13 డిగ్రీల దగ్గరికి దిగితే చచ్చిపోతాయి. పర్లాకిమిడి చెరువు ఏ చలికాలంలోనూ అంత చల్లబడదు. మన దేశంలోనే 2023లో శ్రీనగర్ దాల్ సరస్సులో ఎలిగేటర్ గార్ దొరికింది. అది అమెరికా చేప, తనంతట తాను కాశ్మీర్ రాలేదు. తొట్టె నీళ్లతో పాటు పురుగులూ రోగాలూ కూడా వెళ్తాయి, అక్కడి చేపలకి వాటిని తట్టుకునే శక్తి ఉండదు.

ఇక స్వేచ్ఛ అంటావా, మూతి పుండుతో ఉన్న చేప, మనిషి నీడ కనబడగానే పైకి వచ్చే చేప. మొదటి రోజే కొంగకి దొరుకుతుంది. నువ్వన్నదే, కానీ దాన్ని నయం అనలేను.

అమ్మా, ఇప్పుడు మీ విషయం. ఇవాళే రెండింటినీ వేరు చెయ్యండి. అందుకు ఇంకో అక్వేరియం కొనక్కర్లేదు. మేడ మీద వాడని 500 లీటర్ల నీళ్ల ట్యాంకు గానీ, పెద్ద నీలం డ్రమ్ము గానీ ఉంటే ఆస్కార్‌ని అందులోకి మార్చండి. నీడలో పెట్టండి. పాత తొట్టె ఫిల్టర్‌ని కడక్కుండా అలాగే ఇందులోకి తెచ్చెయ్యండి. ఆ మురికిలోనే నీళ్లని శుభ్రం చేసే బాక్టీరియా ఉంటుంది, కొళాయి నీళ్లతో కడిగితే పోతుంది. సక్కర్ తొట్టెకి స్పాంజి ఫిల్టర్ ఒకటి కొని పెట్టండి, దొరికే వరకూ నీళ్లు తరచూ మార్చండి. పైన వల కప్పి, చుట్టూ తాడు బిగించండి. ఆస్కార్ ఎగురుతుంది, ఇది తేలిగ్గా తీసుకోవద్దు. మున్సిపాలిటీ నీళ్లయితే క్లోరిన్‌ని విరిచే యాంటీ క్లోరిన్ మందు కలిపాకే పొయ్యండి. వారానికి రెండుసార్లు మూడో వంతు నీళ్లు మారిస్తే ఆ పెదవి పుండు దానంతటదే మానుతుంది. రాపిడి తగ్గడమే దానికి మందు. సక్కర్‌కి దాక్కోవడానికి పీవీసీ పైపు ముక్క వెయ్యండి. దాన్ని ఎప్పుడూ వలతో పట్టొద్దు, పైన ఆ తమ్ముడు చెప్పిన ముళ్లే మీ వలకీ చుట్టుకుంటాయి. మూత ఉన్న డబ్బాలోకి తోలి పట్టండి.

ఎవరికివ్వాలి అంటారా. షాపు వాడు ఉచితంగానైనా తీసుకోకపోవడం మామూలే, ఆ చోటులో వాడు యాభై చిన్న చేపలు పెట్టుకుంటాడు. కానీ ప్రతి అక్వేరియం షాపుకీ పెద్ద తొట్టెలున్న కస్టమర్లు నలుగురైదుగురు ఉంటారు. చేప తీసుకోమని కాకుండా, పెద్ద తొట్టె ఎవరింట్లో ఉందో అడగండి. మీ గోడకి ఒక ఫొటో, ఒక నంబరు అంటించండి, మీది జెరాక్స్ షాపే కదా. బరంపురం దగ్గర రంగైలుండలో ఫిషరీస్ కాలేజీ ఉంది, అక్కడ విద్యార్థులకి తెలియజేస్తే ఆసక్తి ఉన్నవాళ్లు దొరకొచ్చు.

వచ్చిన వాళ్లందరికీ ఇచ్చెయ్యకండి. తొట్టె ఫొటో పంపమనండి. ఒక్క ఆస్కార్‌కి నాలుగడుగుల తొట్టె, 280 లీటర్ల నీళ్లు తక్కువలో తక్కువ. అందులో ఏ చేపలున్నాయో అడగండి. ఫ్లవర్‌హార్న్ ఉందంటే వద్దనండి, అది ఇంకే చేపనీ బతకనివ్వదు. ‘మా పొలంలో చెరువుంది, అందులో వేస్తాం’ అనేవాళ్లకి కూడా వద్దు, వానలకి ఆ చెరువు పొంగి కాలవలోకే పోతుంది.

ఎవరూ దొరక్కపోతే అన్నారు. మాట దాటెయ్యను. చేప ఆరోగ్యంగా ఉంటే ట్యాంకులో నెలల తరబడి హాయిగా ఉంటుంది, వెతకడానికి మీకు టైమ్ ఉంది. నయంకాని జబ్బు చేస్తేనే చివరి దారి లవంగ నూనె. ప్రాణాన్ని నిద్రలోకి పంపేది అదే. లీటరుకి 0.4 మిల్లీలీటర్ల లెక్కన కొలుచుకుని, చిన్న సీసాలో గోరువెచ్చని నీళ్లతో బాగా గిలక్కొట్టి, చేప ఉన్న బకెట్‌లో కొంచెం కొంచెంగా కలపాలి. మొప్పలు ఆగిపోయాక కూడా అరగంట అందులోనే ఉంచాలి. తర్వాత మట్టిలో పాతాలి. నేల మీద పడేసి ఊపిరాడకుండా చెయ్యడం, బతికుండగా ఫ్రిజ్‌లో పెట్టడం, టాయిలెట్‌లో వదలడం, ఇవన్నీ హింస. మీ చేపకి ఆ అవసరం రాదనే నా నమ్మకం.

గుణుపురం మాస్టారు

అమ్మా, మీ ఆస్కార్‌ని నాకివ్వండి. మా ఇంట్లో ఐదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు తొట్టె ఉంది. ముందున్న ఆస్కార్ ముసలిదై చనిపోయింది. ఇప్పుడు అందులో అరచేతంత సిల్వర్ డాలర్ చేపలు మాత్రమే ఉన్నాయి, ఆస్కార్ నోట్లో పట్టేవి కావు. ఫొటోలు మీకు మెసేజ్ చేశాను. బాబాయ్ గారు చెప్పినవన్నీ అడగండి, ఏమీ అనుకోను. సక్కర్‌ని మాత్రం తీసుకోలేను, రాత్రిళ్లు సిల్వర్ డాలర్ల ఒంటికి అతుక్కుని పొలుసు గీకేస్తాయి, ఒకసారి చూశాను.

పెదవి మానాకే పంపండి, తొందర లేదు. వచ్చాక కొన్నాళ్లు అది పక్కకి ఒరిగి అడుగున పడుకుంటుంది, తిండి ముట్టదు. ఆస్కార్లకి చోటు మారితే అలక. నేను భయపడను, మీరూ భయపడకండి.

బరంపురం బాబాయ్

పర్లాకిమిడి నుంచి గుణుపురం అంటే రైల్లో హాయిగా వెళ్లిపోవచ్చు. కుదుపులు తక్కువ, రోడ్డు కంటే మంచిది. బయల్దేరే ముందు ఒక పూర్తి రోజు మేత పెట్టకండి, కడుపు ఖాళీగా ఉంటే నీళ్లు పాడవ్వవు. ఇంత చేపకి కవర్ వద్దు. మూత ఉన్న పెద్ద బకెట్, దాని ట్యాంకు నీళ్లే సగానికి, బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు. మూతకి కన్నాలు పెట్టండి, పైన తడిగుడ్డ. చీకటిగా ఉంటే చేప కుదురుగా ఉంటుంది. ఎండెక్కకముందే చేరుకోండి. మాస్టారూ, మీ తొట్టె నీళ్లు గ్లాసు గ్లాసు చొప్పున బకెట్‌లో కలుపుతూ అరగంట తర్వాత చేపని మాత్రమే ఎత్తి వెయ్యండి. బకెట్ నీళ్లు మొక్కలకి పొయ్యండి, తొట్టెలో గానీ కాలవలో గానీ కాదు.

జెరాక్స్ షాపు, పర్లాకిమిడి

అందరికీ చాలా థాంక్స్. ఆస్కార్ గుణుపురం చేరింది. మా ఆయనే బకెట్ పట్టుకుని తీసుకెళ్లారు. ట్యాంకులోకి మార్చిన వారం లోపే పెదవి మీద తెలుపు తగ్గి నల్లగా కొత్త తోలు వచ్చింది, బాబాయ్ గారు చెప్పినట్టే మందేమీ వెయ్యలేదు. రైల్లో పక్కనున్నవాళ్లు కూరకా అని అడిగారట. కాదు, పెంచుకునేవాళ్లకి అంటే బకెట్‌కి చోటిచ్చి కాళ్లు ముడుచుకుని కూర్చున్నారట.

అక్కడ మాస్టారు చెప్పినట్టే పక్కకి ఒరిగి పడుకుంది. వీడియో చూసి నాకు గుండె ఆగినంత పనైంది. మొప్పలు మాత్రం నిమ్మళంగా ఆడుతున్నాయి. ఇప్పుడు లేచి తిరుగుతోంది, నిన్న రొయ్య ముక్క తిన్నదట, అడుగున ఉన్న గులకరాళ్లన్నీ ఒక మూలకి నెట్టేసిందట. మాస్టారూ, మీరు వాటిని మళ్లీ సర్దకండి, అది మళ్లీ నెడుతుంది.

మౌసీకి ఫ్లోరిడా సంగతి కంటే వంశధార తమ్ముడు చెప్పిన వల సంగతే బాగా ఎక్కింది. వాళ్ల తమ్ముడూ వల వేసేవాడే. ఇప్పుడు ఆమే నలుగురికీ చెప్తోంది, సీతాసాగర్‌లో ఏమీ వెయ్యొద్దని.

ఇక సక్కర్ మిగిలింది. జానెడు ఉంది, తోక మళ్లీ నిండుగా వచ్చింది, పైపులో ఉంటుంది, దోసకాయ ముక్కలు తింటుంది. ఇది అడుగున్నర దాకా పెరుగుతుందని చదివాను, రెండడుగుల తొట్టె ఎన్నాళ్లో సరిపోదు. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం, ఇటు పాతపట్నం, టెక్కలి వైపు నాలుగడుగులు దాటిన తొట్టె ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఇక్కడే రాయండి. బల్లపరుపు ఒంటి చేపలు లేని తొట్టె అయితే మంచిది. ఫొటో అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. బకెట్, ఎయిర్ పంపు నా దగ్గరే ఉన్నాయి, నేనే తెచ్చిస్తాను.