డార్క్‌టేబుల్: రెండు కంప్యూటర్లలో ఎక్స్‌ఎంపీలు కొట్టుకుంటే ఏం చేయాలి?

ఫొటోలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌ను రెండు చోట్ల వాడుతున్నాను: ఇంట్లో లినక్స్ డెస్క్‌టాప్, బయట విండోస్ ల్యాప్‌టాప్. రా ఫైళ్లూ (కెమెరా తీసిన అసలు ఫొటోలు), వాటి పక్కనుండే ఎక్స్‌ఎంపీలూ (ఎడిట్లు, ట్యాగులు, స్టార్లు రాసుండే చిన్న ఫైళ్లు), కంప్యూటర్ల మధ్య ఫైళ్లను సింక్ చేసే సింక్‌థింగ్‌తో అటూ ఇటూ వెళ్తున్నాయి. డార్క్‌టేబుల్ డేటాబేస్‌ను కావాలనే సింక్ చేయట్లేదు: ఫోల్డర్ దారులు అందులోనే ఉంటాయి, రెండు చోట్లా అవి వేరు. స్టార్టప్‌లో మారిన ఎక్స్‌ఎంపీలు వెతికే ఆప్షన్ ఆన్‌లోనే ఉంది. డార్క్‌టేబుల్ వెర్షన్ కూడా రెండింట్లో ఒకటే.

చిక్కల్లా ఒకే ఫొటోను సింక్ అయ్యేలోపు రెండు చోట్లా ఎడిట్ చేసినప్పుడు. ఒక ఎక్స్‌ఎంపీ పేరులో ‘సింక్-కాన్‌ఫ్లిక్ట్’, తేదీ, టైము చేరతాయి. దాన్ని డార్క్‌టేబుల్ పట్టించుకోదు, ఆ ఎడిట్ కనబడకుండా పోతుంది.

ఆ ఫైలుకు డూప్లికేట్ల (ఒకే ఫొటోకు ఉండే వేరే ఎడిట్ల) పద్ధతిలో, అంటే ‘డీఎస్‌సీ_0412_01.ఎన్‌ఈఎఫ్.ఎక్స్‌ఎంపీ’లా పేరు మారిస్తే, ఇప్పటికే ఇంపోర్ట్ అయిన ఫొటోకు రెండో వెర్షన్‌గా వస్తుందా? లేక లైబ్రరీలోంచి తీసేసి (డిస్క్ మీద నుంచి కాదు) మళ్లీ ఇంపోర్ట్ చేయాల్సిందేనా? అలా చేస్తే ట్యాగులు, స్టార్లు ఎక్స్‌ఎంపీలోంచి తిరిగొస్తాయి సరే, ఫొటో గ్రూపులు నిలుస్తాయా?