వెస్టర్న్ ప్రేమకథ: సగం దాకా వచ్చి ఆగిపోయింది, ఏం చేయాలి? (‘సగంరాత’ అనే పేరుతో ఒకరు అడిగితే మిగతావాళ్ళిచ్చిన జవాబులు)

సగంరాత:
1888 వ్యోమింగ్ టెరిటరీ, చిన్న ఊరు. 1887 జనవరి మంచుతుఫానులో నాయిక భర్త పోయాడు. హోమ్‌స్టెడ్ భూమికి (కాపురముండి సాగుచేస్తే ప్రభుత్వం సొంతంగా ఇచ్చే భూమి) అతని పేరునే 1884 మేలో దరఖాస్తు పెట్టారు. పక్క రాంచ్‌ (పశువుల క్షేత్రం) ఆయనకి కూడా భార్య లేదు. 24 అధ్యాయాలు అనుకున్నాను. 12కే ఇద్దరి మనసులూ కలిసిపోయాయి, ఇక జరగడానికేం లేదు. పైగా ఆమె నవ్వినప్పుడల్లా పోయినవాడికి ద్రోహం చేసినట్టు వస్తోంది. అతన్ని కాస్త చెడ్డవాణ్ణి చేస్తే సరిపోతుందా?

గొళ్ళెం:
చేయకండి. అతను తాగి కొట్టేవాడని తేలిందంటే ఇక అది పీడ విరగడైన కథ. దుఃఖానికి అందులో చోటుండదు. మంచివాడిగానే ఉంచి ఒక చిన్న లోపం ఇవ్వండి: దొడ్డి గేటు ఎప్పుడూ సరిగ్గా వేసేవాడు కాదు. బతికున్నప్పుడు ఆమె దానికి విసుక్కునేది. ఇప్పుడు పక్కాయన వెళ్తూ వెళ్తూ గేటు బిగించి తీగ చుడితే ఆమెకి కోపం రావాలి, ఎందుకో ఆమెకే తెలియకూడదు. మీరు అడుగుతున్న ద్రోహం అక్కడ కనబడుతుంది. మూడు పేజీల స్వగతం అక్కర్లేదు.

పట్టాదారు:
ఏమీ మిగల్లేదంటున్నారు గానీ, దరఖాస్తులోనే బోలెడంత కథ ఉంది. 1862 హోమ్‌స్టెడ్ చట్టం ప్రకారం 160 ఎకరాలకి అయిదేళ్ళ నివాసం. దరఖాస్తుదారు చనిపోతే భార్య మిగతా గడువు పూర్తిచేసి పట్టా పుచ్చుకోవచ్చు. అంటే 1889 మే దాకా ఆమె ఆ భూమిని వదిలేయడానికి లేదు. ఆరు నెలలకి మించి వదిలేసి పోతే భూమి పోతుంది. దుఃఖంలో పుట్టింటికి వెళ్ళిన మనిషిని వెనక్కి లాక్కొచ్చేది ఈ ఆరు నెలలే. ఎకరానికి డాలరుంపావు చొప్పున 200 డాలర్లు కడితే ముందే సొంతమవుతుంది. ఆ డబ్బు ఎవరిస్తానంటారో, ఎందుకిస్తానంటారో మీరు తేల్చుకోండి.

అసలు సీను పట్టా కోసం ఇచ్చే రుజువు దగ్గరుంది. ఆమె అక్కడే కాపురముందని ఇద్దరు నమ్మదగిన సాక్షులు చెప్పాలి. దానికి ముందు దగ్గరి పత్రికలో నోటీసు పడాలి, సాక్షుల పేర్లతో సహా. పక్కాయన్ని ఒక సాక్షిగా పెడితే అతని పేరు ఆమె పేరు కింద అచ్చవుతుంది, ఊరంతా చదువుతుంది. ‘ఏ రాత్రి దీపం వెలిగిందో ఇతనికెలా తెలుసు?’ అని ఎవరో ఒకరు అనకపోరు. ప్రేమ చెప్పుకోవడం అంతవరకూ ఆపండి. ఇష్టం 12లో తెలిసినా ఫర్వాలేదు, మాట 22లో రావాలి.

ఇంకొకటి. వ్యోమింగ్‌లో ఆడవాళ్ళకి 1869 నుంచే ఓటుంది. ‘ఆడదానికి రాజకీయాలేమిటి’ అని ఊరు నోరెళ్ళబెట్టే సీను పెట్టకండి.

ముర్రుపాలు:
13వ అధ్యాయాన్ని మార్చిలో పెట్టండి, అది ఆవులు ఈనే కాలం. ఒక ఆవుకి చచ్చిన దూడ పుట్టింది, ఇంకొక దూడకి తల్లి పోయింది. ఆవు పరాయి దూడని తన్ని తరిమేస్తుంది, ఎందుకంటే అది దూడని గుర్తుపట్టేది వాసనతో. అందుకని చచ్చిన దూడ తోలు వలిచి, కాళ్ళకి కంతలు పెట్టి, అనాథ దూడకి చొక్కాలా తొడిగి పురికొసతో కడతారు. తోక భాగం తప్పకుండా ఉండాలి, ఆవు ముందు వాసన చూసేది అక్కడే. దూడ ఆకలి మీదుండాలి, రెంటినీ ఇరుకు దొడ్లో పెట్టాలి. రోగంతో చచ్చిన దూడ తోలు వాడితే రెండోది కూడా పోవచ్చు.

ఇద్దరూ లాంతరు కింద ఈ పని చేయనివ్వండి. మాటలు పని గురించే: ‘ఆ ముడి గట్టిగా లాగు’, ‘కొస ఇటివ్వు’. ‘మనం కూడా ఇలాగే’ అని ఎవరి నోటా రాకూడదు. వచ్చిందా, సీను పోయినట్టే.

సగంరాత:
ఆ తోలు ఎప్పుడు తీసేయాలి?

ముర్రుపాలు:
మూడు నాలుగు రోజులకి. ఒకేసారి కాకుండా కొంచెం కొంచెం కోసి తీస్తే నయం. పాలు కడుపులో పడ్డాక దూడ పేడకి ఆ ఆవు వాసనే వస్తుంది, ఇక అది తరమదు. వారం ఉంచితే తోలు కుళ్ళి కంపు కొడుతుంది.