రేగడిలో తిరగడానికి డిఫరెన్షియల్ లాక్ ఉండాల్సిందేనా? ట్రాక్షన్ కంట్రోల్ చాలదా?

పెద్దముడియం శనగచేను:
అందరికీ నమస్కారం. మాది కడప జిల్లా, జమ్మలమడుగు పక్కన. ఊరి నుంచి చేనికి మూడు కిలోమీటర్లు, అంతా నల్లరేగడి బాట. శనగ విత్తే అదునులో వాన పడిందంటే ఆ బాటలో ట్రాక్టర్ తప్ప ఇంకోటి పోదు. పోయిన అక్టోబర్‌లో మా చిన్నాయన పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు వేసుకుని పోయినాం. మధ్యలో గెనిం (చేని గట్టు) ఒకటి అడ్డం వస్తుంది. దాన్ని ఏటవాలుగా ఎక్కించేసరికి ముందర ఎడమ టైరు, వెనక కుడి టైరు పైకి లేచి గిర్రున తిరుగుతున్నాయి. తక్కిన రెండూ నేల మీద గట్టిగా ఉన్నాయి, అయినా బండి అంగుళం కదల్లేదు. నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం పోతుంటే ఇట్లెందుకు ఆగింది?

అడిగేది ఎందుకంటే, ఇప్పుడు నేనే ఒక బండి కొనాల. ఒకటి సెకండ్‌హ్యాండ్‌ది. ఎలక్ట్రానిక్స్ ఏమీ లేవు, వెనక డిఫరెన్షియల్ లాక్ వేయించి ఉందని అమ్మేవాళ్లు చెప్తున్నారు. రెండోది కొత్తది. జారే చక్రాన్ని బ్రేకుతో పట్టే ట్రాక్షన్ కంట్రోల్ ఉంది, లాక్ లేదు. ఏది తీసుకోమంటారు?

తాడిపత్రి మేస్త్రీ:
తమ్ముడూ, మీ చిన్నాయన జీపుకు రోగమేమీ లేదు. డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలో ఉండే గేర్ల పెట్టె) పనే అది. మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల, లోపలిది తక్కువ పోవాల. రెంటినీ ఒకే ఇరుసుకు బిగిస్తే టైర్లు రోడ్డు మీద ఈడ్చుకుంటాయి. అందుకని క్రౌన్ మధ్యలో చిన్న పినియన్లు పెట్టి, రెండు పక్కలా వేరే వేరే వేగంతో తిరిగేట్టు చేసినారు. వేగం వేరైనా తిప్పే బలం మాత్రం రెండు పక్కలకూ సమానంగానే ఇస్తాది. చిక్కంతా ఆ సమానంలోనే ఉండాది. గాల్లో ఉన్న చక్రం తిరగడానికి పిడికెడు బలం చాలు, కాబట్టి నేల మీదున్న దానికీ ఆ పిడికెడే అందుతాది. ముందర ఒకటి, వెనక ఒకటి లేచినాయంటే ఫోర్ వీల్ డ్రైవ్ అయినా నిలబడిపోవాల్సిందే.

లాక్ వేస్తే ఆ రెండు సగం ఇరుసులు ఒకటే కడ్డీ అయిపోతాయి. గాల్లో చక్రం ఎంత తిరిగితే నేల మీద చక్రం అంతే తిరగాల. ట్రాక్టర్‌లో కుడి మడమ కింద చిన్న పెడల్ ఉంటుంది చూడు, అదే ఇది. మన రేగడిలో దున్నే ప్రతి డ్రైవరుకూ దాని విలువ తెలుసు. నా మాట ఒకటే, లాక్ ఉన్న బండి తీసుకో.

కేసీ కాలువ గట్టు (కర్నూలు):
అన్నా, ట్రాక్టర్ మాట మీరే ఎత్తినారు కాబట్టి అక్కడి నుంచే చెప్తాను. అదే ట్రాక్టర్‌లో కుడికాలి దగ్గర బ్రేకు పెడళ్లు రెండు ఉంటాయి, ఎడమ చక్రానికి ఒకటి, కుడి చక్రానికి ఒకటి. రోడ్డెక్కితే కొక్కెం వేసి రెంటినీ కలుపుతారు, చేలో విడదీస్తారు. సాలు చివర తిప్పుకోవడానికే కాదు, ఒక చక్రం బురదలో గిర్రున తిరుగుతుంటే ఆ పక్క పెడల్ ఒక్కటే తొక్కితే బలం రెండో చక్రానికి పోతుంది. మీ ఊళ్లో ఎవరూ చేయలేదా ఈ పని? కొత్త బండ్లలో కంప్యూటర్ చేసేది అచ్చం అదే. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా వేగం కొలిచే సెన్సర్ ఉంటుంది. ఏ చక్రం అదుపు తప్పి తిరుగుతోందో చూసి దాన్నొక్కదాన్నే పట్టుకుంటుంది. మామూలు ట్రాక్షన్ కంట్రోల్ అయితే ఇంజన్ బలం కూడా తగ్గిస్తుంది. ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లలో ఉండే బ్రేక్ లాకింగ్ రకం బలం తగ్గించకుండా బ్రేకు మాత్రమే వేస్తుంది. మారుతి జిమ్నీలో ఉన్నది ఆ రకమే, లాక్ లేదు.

నాది అట్లాంటి బండే, నాలుగేళ్లుగా కాలువ గట్ల మీద తిరుగుతున్నా. కొత్తవాళ్లు చేసే తప్పు ఒకటుంది. చక్రం జారగానే కింద గరగరమని, టకటకమని శబ్దం వస్తుంది. ఏదో విరిగిందని భయపడి యాక్సిలరేటర్ వదిలేస్తారు. వదలగానే బ్రేకూ వదిలేస్తుంది, బండి వెనక్కి వస్తుంది, 'ఇది పని చేయదు' అనుకుంటారు. కాలు అదే చోట కదలకుండా పెట్టి రెండు సెకన్లు ఓపిక పట్టాలి. మొదట ముక్కు ఊగుతుంది, తర్వాత మెల్లగా ఎక్కుతుంది.

కడప బీటెక్:
ఇద్దరూ చెప్పేది నిజమే కానీ తేడా లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక ఇరుసునే తీసుకుందాం. గెనిం ఎక్కాలంటే దానికి నేల దగ్గర మొత్తం 1000 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) కావాలనుకోండి. జారే చక్రం నేలను పట్టగలిగేది 200 మాత్రమే.

ఏమీ లేకపోతే జారే దానికి 200, మంచిదానికీ 200, మొత్తం 400. బండి ఎక్కదు. బ్రేకు పద్ధతిలో జారే చక్రాన్ని 600తో పట్టాలి. అప్పుడు ఆ పక్క 200 ప్లస్ 600, అంటే 800. సమానం కాబట్టి మంచి చక్రానికీ 800. నేలకు చేరింది 200 ప్లస్ 800, సరిగ్గా 1000. కానీ డిఫరెన్షియల్‌లోకి 1600 పంపాల్సి వచ్చింది. లాక్ ఉంటే 1000 పంపితే చాలు. ఆ 600 తేడా బ్రేకు మీద పడే భారం. 4ఎల్‌లో (ఫోర్ వీల్ డ్రైవ్, తక్కువ వేగం గేరు) వేస్తే చక్రం దగ్గర టార్క్ ఇంచుమించు రెండింతలు పైనే అవుతుంది కనుక ఇంజన్‌కు ఇది లోటు కాదు. భారం బ్రేకుకే.

తాడిపత్రి మేస్త్రీ:
లెక్క బాగా చెప్పినావు నాయనా. ఆ 600 వేడిగా మారుతాది. ఒక గెనానికైతే పరవాలేదు. మూడు కిలోమీటర్ల రేగడి బాటలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అదే పని పెడితే బ్రేకు కాగుతాది, కాగినాక కంప్యూటర్ తనను తాను కాపాడుకోవడానికి కాసేపు ఆ పని మానేస్తాది. అప్పుడు నువ్వు చేలో ఉంటావు. ఇంకో సంగతి, సెన్సర్ వైరు చక్రం పక్కనే ఉంటాది. ఎండిన రేగడి గడ్డ రాయిలాగా గట్టిపడి ఆ వైరును కోసేసిన బండ్లు నా షెడ్డుకు వచ్చినాయి. డాష్‌బోర్డు మీద దీపం వెలిగిందంటే ఆ పద్ధతి మొత్తం పోయినట్టే.

వీటికన్నా పెద్ద మాట చెప్తా. బ్రేకు పద్ధతి చక్రం జారినాక పట్టుకుంటాది. లాక్ జారకముందే వేసుకుంటాం. ఎర్ర నేలలో ఆ ఒక్క క్షణం లెక్కలోకి రాదు. రేగడిలో టైరు ఒక్క చుట్టు ఉత్తిగా తిరిగిందా, మడతల్లో బంక నిండి నున్నగా గుండు అయిపోతాది. ఆ తర్వాత దానికి ఎంత బలం పంపినా ఏం లాభం?

ధర్మవరం:
చిత్రావతి ఇసుకలో తిరిగేవాడిగా ఒక మాట. ఇసుకలో లాక్ కన్నా ముందు టైర్లలో గాలి తగ్గించండి, 18 పీఎస్ఐ దాకా తగ్గిస్తే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది. ఈఎస్‌పీ (బండి పక్కకు జారకుండా చూసే కంప్యూటర్ పద్ధతి) బటన్ ఉంటే ఆపేయండి. ఇసుకలో ఊపు మీద పోవాలి, అది మధ్యలో ఇంజన్ బలం తగ్గిస్తే బండి అక్కడే దిగబడుతుంది. దిగబడ్డాక తొక్కకండి, గుంట లోతవుతుంది. తిరిగి వచ్చేటప్పుడు గాలి పట్టించడం మరవకండి, ఆ గాలితో తారు రోడ్డు మీద వేగంగా పోతే టైరు పోతుంది.

కేసీ కాలువ గట్టు (కర్నూలు):
మేస్త్రీ అన్నా, జారకముందే వేసుకోవాలన్న మీ మాట ఒప్పుకుంటున్నా. రేగడి గురించి నాకన్నా మీకే ఎక్కువ తెలుసు. కానీ లాక్‌తో వచ్చే ప్రమాదం ఈ చర్చలో ఇంతవరకూ ఎవరూ రాయలేదు, అది రాయకుండా ఈ తమ్ముడిని కొనమని పంపడం తప్పు.

రెండేళ్ల కిందట మాతో పనిచేసే ఒకాయన బండికి వెనక లాక్ ఉండేది. వాన పడి కాలువ గట్టు తడిసి ఉంది, బాట కాలువ వైపు వాలుగా ఉంది. ఆయన ముందు జాగ్రత్తగా లాక్ వేసుకునే బయలుదేరినాడు. ఒక చోట వెనక చక్రాలు రెండూ ఒకేసారి జారినాయి. లాక్ లేకుంటే ఒకటే తిరిగేది, రెండోది తిరగకుండా నిలబడి బండి పక్కకు పోకుండా ఆపేది. లాక్‌లో రెండూ కలిసి తిరిగేసరికి పక్క పట్టు పోయి వెనక భాగం మెల్లగా, చెప్పాలంటే నడిచే మనిషి వేగంతో, కాలువ వైపు దిగింది. నేను బయట నిలబడి చూస్తున్నా, ఏమీ చేయలేకపోయినా. తుమ్మ మోడుకు తట్టుకుని ఆగింది. అప్పుడు కాలువ నిండుగా పారుతోంది.

అందుకని, నేరుగా ఎక్కేటప్పుడు, గెనిం దాటేటప్పుడు లాక్ వేయండి. పక్కవాలులో తీసేయండి.

తాడిపత్రి మేస్త్రీ:
నిజం. నేనే ముందు రాసి ఉండాల్సింది. ముందర ఇరుసు లాక్ అయితే స్టీరింగ్ కూడా చాలా బరువైపోతాది, బండి నేరుగానే పోవాలని చూస్తాది. ఫోర్స్ గూర్ఖాలో ముందూ వెనకా రెండు లాకులూ ఉంటాయి, వెనకది వేసినాక కూడా చాలకపోతేనే ముందరిది వేయాల. మహీంద్రా థార్‌లో కొన్ని వేరియంట్లకు వెనక తనంతట తానే పడే లాక్ ఉంటాది. రెండు చక్రాల మధ్య నిమిషానికి సుమారు 100 చుట్లు తేడా వస్తే పడతాది, వేగం అందుకున్నాక పడదు. మరిచిపోయే మనిషికి అది మంచిది, కానీ అది కూడా జారినాకనే పడతాది.

పెద్దముడియం శనగచేను:
మాకు పక్కవాలు లేదు, బాటంతా చదును, గెనాలు మూడు. ఒక ప్రశ్న. వాన పడినప్పుడు ప్రొద్దుటూరు దాకా తారు రోడ్డు మీద 4హెచ్‌లోనే (ఫోర్ వీల్ డ్రైవ్, మామూలు వేగం గేరు) పోవచ్చా?

తాడిపత్రి మేస్త్రీ:
పోవద్దు. నువ్వు చూసే బండికి ముందరి ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్యన డిఫరెన్షియల్ ఉండదు. మలుపులో ముందర చక్రాలు ఎక్కువ దూరం పోతాయి కదా, ఆ తేడా పోవడానికి దారి లేక ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందుకూ వెనకకూ బలం పంచే గేర్ల పెట్టె), షాఫ్టుల్లో మెలి పడతాది. బురదలో అయితే టైరు కొంచెం జారి ఆ మెలి విడిపోతాది. తారు మీద విడిపోదు, ఫోర్ వీల్ డ్రైవ్ లివర్ బిగుసుకుంటాది. ఎప్పుడైనా బిగుసుకుంటే లాగి విరగ్గొట్టద్దు, నాలుగు అడుగులు రివర్సు తీసుకో, వదులైతాది.

సెకండ్‌హ్యాండ్ బండి చూడ్డానికి పోతే జాకీలు రెండు తీసుకుపో. ముందు చక్రాలకు అడ్డం రాళ్లు పెట్టి, వెనక రెండు చక్రాలూ లేపు. ఇంజన్ ఆపి, టూ వీల్ డ్రైవ్‌లో పెట్టి గేరులో ఉంచు, హ్యాండ్‌బ్రేక్ తీసెయ్యి. ఒక చక్రాన్ని చేత్తో ముందుకు తిప్పు. రెండోది వెనక్కి తిరిగితే లాక్ పడలేదన్నమాట. ఇప్పుడు లాక్ వేసి మళ్లీ తిప్పు. కొంచెం ఆట ఉంటాది, ఆ తర్వాత చక్రం కదలకూడదు. కదిలి రెండోది వెనక్కి తిరిగిందంటే ఆ లాక్ ఉన్నా లేనట్టే.

కేసీ కాలువ గట్టు (కర్నూలు):
దాంతోపాటు ప్లగ్ విప్పి డిఫరెన్షియల్ ఆయిల్ కూడా చూడు తమ్ముడూ. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు పోయినట్టు. వంకల్లో దించిన బండి అది.

పెద్దముడియం శనగచేను:
ఆదివారం పోతున్నా. మా ట్రాక్టర్ డ్రైవర్ రామన్నను కూడా వెంట పెట్టుకుని, జాకీలు రెండూ వేసుకుని. చక్రం ఎటు తిరిగిందో, ఆయిల్ ఏ రంగులో ఉందో రాత్రికి ఇక్కడే రాస్తా.