కార్బన్ మోనాక్సైడ్ ధ్రువణం చూసి అయస్కాంత క్షేత్రం ఎటుందో చెప్పగలమా?

యాంటెన్నా_మామ: నక్షత్రాలు పుట్టే మేఘాల్లో క్షేత్రం దిశకు ధూళి నుంచి వచ్చే వెలుగు ధ్రువణమే (తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగడమే) దిక్కని ఇక్కడ అందరూ అంటున్నారు. 1981లో గోల్డ్‌రైక్, కైలాఫిస్ అనే శాస్త్రవేత్తలు చెప్పింది మరిచారా? క్షేత్రం ఉన్నచోట కార్బన్ మోనాక్సైడ్ లాంటి అణువుల రేడియో రేఖలకూ (అవి నిర్ణీత తరంగదైర్ఘ్యంలో వెదజల్లే వెలుగుకూ) ఒకటి రెండు శాతం ధ్రువణం వస్తుంది. 1999లో ఎన్‌జీసీ 1333 మేఘంలో పుడుతున్న నక్షత్రం ఐరాస్ 4ఏ దగ్గర దొరికింది కూడా. పైగా రేఖ అయితే వాయువు వేగం చెబుతుంది. ధూళి చెబుతుందా?

కృత్తిక77: ఆ ధ్రువణం క్షేత్రానికి సమాంతరమా, లంబమా? ముందది చెప్పండి.

యాంటెన్నా_మామ: రెండూ కావచ్చు. వెలుగు ఏ వైపు సులువుగా బయటపడుతుందో, క్షేత్రం ఎటు వాలిందో దాన్నిబట్టి. పక్కన ధూళి కొలత ఉంటే తేలిపోతుంది.

కృత్తిక77: అంటే ధూళి లేకుండా తేలదు. తూర్పుకు పొమ్మంటే ఉత్తరానికి పోయినట్టుంది.

గోదారి_గట్టు: మీరిద్దరూ మాత్రం ఒకరికొకరు లంబంగానే ఉన్నారు 😀

యాంటెన్నా_మామ: నవ్వండి. నా వ్యాసాన్ని ఈ తొంభై డిగ్రీల ముక్క చెప్పే తిప్పి పంపారు. రెండేళ్ల పనికి మూడు వాక్యాల సమీక్ష. ఆ సమీక్షకులు మీరేనేమో!

కృత్తిక77: నేను కాదు. అయినా నా గొడవ తొంభై డిగ్రీలతో కాదండీ. దిశల పటం ఒకటి గీసి, కింద 'క్షేత్రమే మేఘాన్ని కూలకుండా నిలబెట్టింది' అని రాసేస్తారు, అదీ నా మంట. దిశ తెలిస్తే బలం తెలిసినట్టా? దిశల చెదురు చూసి బలం లెక్కగట్టే చంద్రశేఖర్, ఫెర్మీల 1953 పద్ధతి ఇచ్చేదీ అంచనాయే. నేరుగా కొలవాలంటే జీమన్ ప్రభావం (క్షేత్రం వల్ల రేఖ చీలడం) కావాలి. అందులోనూ మనవైపున్న భాగమే తెలుస్తుంది.

యాంటెన్నా_మామ: మరి 2006లో అదే ఐరాస్ 4ఏలో క్షేత్రం గీతలు ఇసుక గడియారం ఆకారంలో కనబడలేదా? క్షేత్రం బలహీనమైతే గీతలు చిక్కుపడ్డ నూలులా ఉండేవి.

కృత్తిక77: అది ధూళితో చూసిందే కదా!

చుక్కల_పిచ్చి: ఆగండి. మేఘం కూలడాన్ని ఆలస్యం చేసేది క్షేత్రమా, వాయువులోని అల్లకల్లోలమా అన్నదేనా మీ తగువు? ఆ ముక్క మొదటే అనొచ్చుగా.

కృత్తిక77: అదే. ఎల్1544 మేఘంలో చైనా ఫాస్ట్ టెలిస్కోపు జీమన్‌తో కొలిచింది 2022లో వచ్చింది. క్షేత్రం బలం సుమారు 4 మైక్రోగాస్ (గాస్‌లో పది లక్షల వంతులు నాలుగు). మేఘాన్ని ఆపడానికి అది చాలదు.

యాంటెన్నా_మామ: మనవైపున్న భాగమే తెలుస్తుందని ఇందాక అన్నది మీరేగా? మరి మొత్తం క్షేత్రం అంతకన్నా బలంగా ఉండొచ్చుగా!