డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ ట్రయల్‌లో పిల్లల్ని చేర్పించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

నమస్తే అండి, మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్ళు, డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ (కండరాలు క్రమంగా బలహీనపడే జన్యు జబ్బు) అని జీన్ టెస్ట్‌లో తేలింది, డిస్ట్రఫిన్ జీన్‌లో 45 నుంచి 50 దాకా ఎగ్జాన్లు (జీన్‌లోని భాగాలు) లేవంట. పిక్కలు లావుగా గట్టిగా ఉంటాయి, మునివేళ్ళ మీద నడుస్తాడు, కింద కూర్చుంటే మోకాళ్ళ మీద చేతులు ఆనించుకుంటూ లేస్తాడు. డెఫ్లాజాకార్ట్ అనే స్టెరాయిడ్ వాడుతున్నాం, మడమలు బిగుసుకుపోకుండా అక్క రోజూ స్ట్రెచింగ్ చేయిస్తుంది, రాత్రిళ్ళు స్ప్లింట్లు వేస్తుంది పాపం.

ఈ డిలీషన్‌కి ఎగ్జాన్ 51 స్కిప్పింగ్ (మందుతో ఆ ఎగ్జాన్‌ని దాటవేయించి డిస్ట్రఫిన్ కొంతైనా తయారయ్యేలా చేయడం) పనికొస్తుందని డాక్టర్ గారు చెప్పారు, ఆ రకం మందు ఎటెప్లిర్సెన్‌కి అమెరికాలో 2016లోనే పర్మిషన్ ఇచ్చారు కానీ ఆ రేటు మా వల్ల అయ్యేది కాదు, అందుకే సీటీఆర్ఐ (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే) సైట్‌లో ట్రయల్స్ వెతుకుతున్నా.

ఇలాంటి ట్రయల్‌లో మీ పిల్లలెవరైనా ఉన్నారా? ఆరు నిమిషాల నడక టెస్ట్‌లో ఎంత దూరం నడిస్తే తీసుకుంటారు, బయాప్సీకి కండ ముక్క తీస్తారా, ప్లసీబో (అసలు మందు లేని ఉత్తుత్తి డోసు) గ్రూపులో పడితే తర్వాతైనా అసలు మందు ఇస్తారా, ట్రయల్ అయిపోయాక మందు ఆపేస్తే మన పరిస్థితి ఏంటి? రానుపోను ఖర్చులు ఇస్తారా?

వాడు ఇంకా నడుస్తున్నప్పుడే ఏదో ఒకటి చేయాలని మా తాపత్రయం. హైదరాబాద్ నిమ్స్‌లో గానీ బెంగళూరు నిమ్హాన్స్‌లో గానీ ముందు ఏ డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళాలో తెలిసినా చెప్పండి ప్లీజ్.