టెడియోర్ చేసేది తుపాకులా, బాంబులా?

లూట్‌పిచ్చి
బోర్డర్‌ల్యాండ్స్ 2 అనే తుపాకుల వీడియో గేము మళ్ళీ మొదటి నుంచి ఆడుతున్నాం, నేనూ ఒక ఫ్రెండూ. నిన్న వాడికి టెడియోర్ కంపెనీ పర్పుల్ షాట్‌గన్ (అరుదుగా దొరికే రకం) దొరికితే లెక్కలు కూడా చూడకుండా వెండింగ్ మెషీన్లో అమ్మేశాడు. "పారేసే తుపాకీ మనకెందుకురా" అన్నాడు. అక్కడ మొదలైంది గొడవ.

ఆడనివాళ్ళకు రెండు ముక్కలు. ఈ గేములో తుపాకులన్నీ కల్పిత కంపెనీలవి, ఒక్కోదానికి ఒక్కో గుణం. జేకబ్స్ ట్రిగ్గర్ ఎంత వేగంగా నొక్కితే అంత వేగంగా పేలుతుంది. మాలివాన్‌లో నిప్పో, కరెంటో, యాసిడో ఏదో ఒకటి ఉండి తీరుతుంది. హైపీరియన్ కాలుస్తున్న కొద్దీ గురి కుదురుకుంటుంది. టెడియోర్‌లో రీలోడ్ నొక్కితే మనవాడు చేతిలో ఉన్న తుపాకీనే విసిరేస్తాడు. అది గ్రెనేడ్‌లా పేలుతుంది, ఈలోపు అలాంటిదే ఇంకొకటి చేతిలో ప్రత్యక్షమవుతుంది.

ఏ షూటర్ తీసుకున్నా రీలోడ్ అంటే శిక్షే. గోడ చాటుకు పరిగెత్తి, తల దించుకుని కూర్చోవాలి. టెడియోర్ చేతిలో ఉంటే ఆ క్షణంలోనే పెద్ద దెబ్బ పడుతుంది. గేము మొత్తంలో ఇంతకంటే తెలివైన ఆలోచన నాకు కనపడలేదు. ఎవరైనా కాదంటారా?

జేకబ్స్_భక్తుడు
నేనంటాను. బ్రో, ఇది లూట్ గేము, అంటే దొరికిన సరుకు ఏరుకునే ఆట. మొదటి భాగంలోనే కోటీ 77 లక్షల 50 వేల రకాల తుపాకులున్నాయని గిన్నిస్ రికార్డు ఉంది. గంటలు గంటలు తవ్వి మనకు నచ్చిన ఒక్క తుపాకీ సంపాదించుకుంటాం. దాన్ని ప్రతి అర నిమిషానికీ రాయి విసిరినట్టు విసరాలా? జేకబ్స్ చెక్క పిడి చూశావా? దాన్ని పారేయబుద్ధి అవుతుందా అసలు?

సరే, అది నా సెంటిమెంటు అనుకో. తూటాల సంగతి చెప్పు. విసిరిన తుపాకీలో ఎన్ని తూటాలు మిగిలితే అన్నీ పోయినట్టే. రెండు గదులు దాటేసరికి జేబు ఖాళీ, తర్వాత డబ్బాలు తెరుచుకుంటూ తిరగడమే పని.

లూట్‌పిచ్చి
తూటాలు ఊరికే పోవు కదా. మిగిలినవి ఎన్ని ఎక్కువుంటే పేలుడు అంత పెద్దది. ఒక్క తూటా కాల్చి మిగతా మ్యాగజైన్‌తో సహా విసిరి చూడు, అప్పుడు మాట్లాడదాం. సాల్వడార్ అనే పాత్రతో ఆడితే నీ బాధ కూడా తీరుతుంది. రెండు చేతుల్లో రెండు తుపాకులు పట్టి కాల్చే అతని ప్రత్యేక శక్తి, గన్‌జర్కింగ్‌లో ఉన్నంతసేపూ తూటాలు వాటంతటవే నిండుతుంటాయి.

జేకబ్స్_భక్తుడు
చూశావా, నువ్వే ఒప్పుకున్నావు. ఒక్క తూటా కాల్చి విసరాలంటే అది బాంబే. గురి చూడనక్కర్లేనప్పుడు దాన్ని తుపాకీ అని ఎందుకంటాం?

నల్లగొండ_స్నైపర్
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మీరిద్దరూ టెడియోర్ పుట్టినప్పటి నుంచీ ఇంతే అన్నట్టు మాట్లాడుతున్నారు. 2009లో వచ్చిన మొదటి భాగంలో ఈ విసరడం లేదు. అప్పట్లో టెడియోర్ అంటే రీలోడ్ తొందరగా అయ్యే అగ్గువ తుపాకీ, అంతే. 2012లో రెండో భాగంతోనే విసరడం మొదలైంది.

నాకు నచ్చింది ఆ మార్పే. చవక సరుకు అంటే మామూలుగా గేములో డ్యామేజ్ తగ్గించి వదిలేస్తారు, ఎవరూ రెండోసారి ముట్టుకోరు. ఇక్కడ "చవక" అనే మాటను చేతికి తెలిసేలా చేశారు. రీఫిల్ దొరకని పెన్ను వాడి పడేసినట్టు తుపాకీ పడేయాలి. కంపెనీ గురించి కథలో ఎవరూ ఉపన్యాసం ఇవ్వక్కర్లేదు, రీలోడ్ బటన్ చెబుతుంది.

ఇక తుపాకీయా బాంబా అంటే, నేను స్లాగ్ అనే పదార్థం చిమ్మే టెడియోర్ పిస్టల్ ఒకటి ఎప్పుడూ జేబులో ఉంచుకుంటాను. విసిరితే శత్రువుకు స్లాగ్ అంటుకుంటుంది, వేరే తుపాకీ దెబ్బ రెట్టింపు పడుతుంది. వెంటనే జేకబ్స్ తీసి కాలుస్తాను. భక్తుడు గారూ, మీ దేవుడికి మా టెడియోరే హారతి పళ్ళెం పడుతోంది!

జేకబ్స్_భక్తుడు
హారతి బాగుంది. స్లాగ్ వరకు ఒప్పుకుంటున్నా అన్నా, అన్నిటికంటే కష్టమైన అల్టిమేట్ మోడ్‌లో అది లేకుండా బతకలేం. కానీ మూడో భాగం సంగతేంటి? విసిరిన తుపాకీకి కాళ్ళు మొలిచి శత్రువుల వెంట పరిగెత్తడం! ఇంకొన్ని గాల్లో నిలబడి వాటంతటవే కాలుస్తాయి. కంపెనీ గుణం కాస్తా కామెడీ అయిపోయింది.

లూట్‌పిచ్చి
కాళ్ళ తుపాకీ విషయంలో నీతో గొడవ లేదు. మొదటిసారి నవ్వొచ్చింది, పదోసారి చిరాకేసింది, అదీ మూల దగ్గర ఇరుక్కుని నిలబడిపోయినప్పుడు. రెండో భాగంలో ఎక్కడ పడాలో చేతికి తెలిసేది, విసరడంలోనూ గురి ఉండేది. నువ్వు ఇందాక గురి లేదన్నావు చూడు, ఆ మాట మూడో భాగానికి సరిపోతుంది.

నల్లగొండ_స్నైపర్
రెండో భాగంలో డెలివరెన్స్ మరిచిపోయావా? ఆ లెజెండరీ షాట్‌గన్ విసిరితే శత్రువును వెతుక్కుంటూ కాలుస్తూ పోతుంది. బన్నీ రాకెట్ లాంచర్ ఎగురుకుంటూ గ్రెనేడ్లు రాలుస్తుంది. కాళ్ళ తుపాకీ ఊడిపడలేదు, విత్తనం అక్కడిదే.

లూట్‌పిచ్చి
అయ్యో, డెలివరెన్స్‌ని నేనే తలకెత్తుకుని తిరిగాను. ఆ పాయింట్ నీకే. అన్నట్టు నా ఫ్రెండ్ ఇదంతా చదివి, అమ్మిన షాట్‌గన్ తిరిగి కొనుక్కోవచ్చా అని అడుగుతున్నాడు. గేము మూసి తెరిచాం, బైబ్యాక్‌లో అది లేదు.